బ్రహ్మచారి చెక్కిన మోకాలు

సికింద్రాబాద్ మొత్తంలో తన వడ్రంగి పనికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని వడ్ల బ్రహ్మచారి నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకునే అలవాటు కూడా ఆయనకు లేదు. మారేడ్‌పల్లి బంగళాల ముందు నుంచి పోతూ, తాను ఎన్నడో బిగించిన తలుపు కనిపిస్తే ఆగి, ఒకసారి తీసి మూసి, కీచుమనలేదని తృప్తిపడి గానీ కదలడు. లోపలి నుంచి ఎవరది అని కేకేస్తే, "నేనే, తలుపు మంచిగున్నదా లేదా చూస్తున్న" అని జవాబిచ్చి పోతాడు.

అంత పనిమంతుడికీ ఒక పట్టింపు ఉంది. చేతి నుంచి జారి కింద పడ్డ మేకును మళ్లీ ముట్టడు. పడ్డ మేకును కొడితే ఆ పని నిలవదని తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. బన్సీలాల్‌పేటలో ఆయన ఉండే చోట మూడిళ్లకూ కలిపి ఒకటే వాకిలి. ఆ వాకిట్లోనే ఆయన పని. కాబట్టి మేకులు అక్కడే పడేవి, అక్కడే ఉండేవి. భార్య బుచ్చమ్మ ఊడ్చినన్ని ఊడ్చేది, మిగిలినవి మట్టిలో కలిసేవి.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆ మేకుల్లో ఒకటి పక్కింటి హనీఫ్ ఎడమ పాదంలో దిగింది.

హనీఫ్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. స్టేషన్ అవతల సిగ్నల్ కేబిన్‌లో రైళ్ల సిగ్నళ్లు మార్చే ఇనుప లివర్లు లాగే ఉద్యోగం. మేకు పీకి పారేసి, గాయానికి పసుపు అద్దుకొని డ్యూటీకి పోయాడు. అప్పటికి నిజాం సర్కారుకూ ఢిల్లీ సర్కారుకూ చెడి, బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. ఉప్పుకే కటకట అయినప్పుడు మందుల సంగతి చెప్పేదేముంది! పుండు పాదం నుంచి పిక్కకు పాకింది. కాలో ప్రాణమో తేల్చుకొమ్మన్నారు దవాఖానాలో. మోకాలి పైదాకా తీసేశారు.

ఇంత జరిగినా హనీఫ్ బ్రహ్మచారిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నా నసీబ్ కాకా" అని ఊరుకున్నాడు. ఆ మాట విన్ననాటి నుంచి బ్రహ్మచారికి అన్నం సయించలేదు. మూడు రోజులు వాకిట్లో గొంతుక్కూర్చుని మట్టి తవ్వి మేకులన్నీ ఏరాడు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టున్నది" అని బుచ్చమ్మ గొణిగింది. గొణుగుతూనే పక్కన కూర్చుని తనూ ఏరింది.

ఆగస్టులో రైల్వే నుంచి కాగితం వచ్చింది. సెప్టెంబర్ ఇరవై ఏడు, సోమవారం నాడు డాక్టరు పరీక్ష. చంకకర్రలు లేకుండా కేబిన్ మెట్లెక్కి, నిలబడి లివర్ లాగితే హనీఫ్ ఉద్యోగం హనీఫ్‌కు ఉంటుంది. లేకపోతే ఆ రోజుతో సరి. హనీఫ్ భార్య మహమూదాకు అప్పుడు అయిదో నెల. ఆమె ఆ కాగితాన్ని మడిచి ఖురాన్ పక్కన పెట్టుకుంది.

"నీకు కాలు నేను చేస్తా" అన్నాడు బ్రహ్మచారి. చేయనా అని అడగలేదు.

చేశాడు కూడా. పాత టేకు దూలం కోసి, మొండికాలు ఇమిడేలా పైభాగం తొలిచి, లోపల మెత్తటి తోలు వేసి, నడుముకు పటకా బిగించి, మోకాలి దగ్గర ఇత్తడి కడ్డీతో కీలు పెట్టాడు. వడ్లపనిలో ఏ ముక్క చేతికి తీసుకున్నా ముందు దానికి నడిమి గీత కొట్టాలి. గీత తప్పితే మంచం కుంటుతుంది, తలుపు వాలుతుంది. ఆయన సుద్ద దారం లాగి గీత కొట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ గీత మీదే కడ్డీ దించాడు. నున్నగా చిత్రిక పట్టి నూనె రాస్తే ఆ కాలు పెళ్లికూతురి పెట్టెలా మెరిసింది.

సెప్టెంబర్ మొదట్లో ఒక పొద్దున వాకిలంతా చూస్తుండగా హనీఫ్ దాన్ని తొడుక్కుని లేచాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగులో బరువు పడగానే కర్ర మోకాలు పుటుక్కున ముడుచుకుంది. మనిషి బోర్లా పడ్డాడు. గడ్డం పగిలి రక్తం కారింది.

"ఏం కాలే కాకా. కొత్తది గద" అన్నాడు హనీఫ్, రక్తం తుడుచుకుంటూ.

బ్రహ్మచారి కడ్డీ బిగించాడు. అప్పుడది ముడవడమే మానేసింది. దానితో కూర్చోలేడు, మెట్లెక్కలేడు. మళ్లీ వదులు చేశాడు, మళ్లీ ముడుచుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. అయినా వారం తిరిగేసరికి తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాడు. నిలబడాల్సినప్పుడు నిలబడి, వంగాల్సినప్పుడు వంగే కీలు ఎట్లా చేయాలి? దేవుడికి తెలిసిందేదో తనకు తెలియడం లేదు.

పదమూడో తేదీ సోమవారం నాడు ఢిల్లీ ఫౌజు నాలుగు దిక్కుల నుంచి రాజ్యంలోకి వస్తోందన్న వార్త పొక్కింది. బజారు మూతపడింది. బుచ్చమ్మ వాకిలి పెద్ద తలుపుకు లోపలి నుంచి గడియ వేసి, దానికి అడ్డంగా మంచపు కోడు కూడా పెట్టింది. మూడిళ్ల మనుషులూ లోపలే. మూడో ఇంట్లో ఉండే రోసమ్మ దవాఖానాలో ఇరవై ఏళ్లుగా నర్సు. ఆమె కూడా డ్యూటీకి పోలేక అరుగు మీద కూర్చుంది. పైన విమానం చప్పుడు వినిపిస్తే అందరూ తలలెత్తి చూశారు. బ్రహ్మచారి మాత్రం తలెత్తలేదు. ఆయన బుచ్చమ్మ కాళ్ల వంక చూస్తున్నాడు.

"రోసమ్మా, మోకాలు ఎట్ల పని చేస్తది? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

రోసమ్మ నవ్వి, బొగ్గు ముక్క తీసుకుని ఒక పలక మీద బొమ్మ గీసింది. పైన తొడ ఎముక, కింద పిక్క ఎముక, ముందర చిప్ప. తొడ ముందరి కండ చిప్పను పట్టుకుని కిందికి దిగి పిక్క ఎముకకు అతుక్కుంటుంది.

"గీ కండ లాగితే కాలు సాపుగ అయితది. వెనకటి కండ లాగితే ముడుస్తది. ఒక్కటి యాదికి పెట్టుకో అన్నా. ఒంట్ల ఏ కండ అయినా లాగుతది గాని నెట్టదు."

"నెట్టదా?"

"నెట్టదు. అందుకే ఏడ సూసినా జోడు ఉంటది. ఒకటి లాగితే ఇంకోటి వదుల్తది."

బ్రహ్మచారి లేచి నిలబడ్డాడు. "రంపం!" అని అరిచాడు. "ఇద్దరు పట్టే దుంగల రంపం! నేను లాగితె నువ్వు వదుల్తవ్, నువ్వు లాగితె నేను వదుల్త. నెడితె రంపం రేకు వంగుతది. అరే, నలభై ఏండ్ల నుంచి కోస్తున్న, నా ఒంట్లనే రంపం ఉన్నదని ఎవడన్న చెప్పిండా!" తన మోచేయి ముడిచి చాచి, పైకండా కింది కండా నొక్కి చూసుకుని, వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు. బయట రాజ్యం తలకిందులవుతోంది. ఈయన మోచేయి చూసుకుని మురిసిపోతున్నాడు.

ఇక ఆ రోజు నుంచి ఆ వాకిట్లో ఎవరూ మామూలుగా నడవలేదు. మహమూదా నీళ్ల బిందె ఎత్తితే "ఆగు బిడ్డా, మల్ల ఎత్తు" అన్నాడు. రోసమ్మను మెట్టు ఎక్కించాడు, దించాడు, మళ్లీ ఎక్కించాడు. హనీఫ్ గడప మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత పడీ పడీ నవ్వాడు.

కానీ చిక్కు విడలేదు. నడిచేటప్పుడు కండ లాగుతుంది, సరే. ఊరికే నిలబడ్డప్పుడో? బుచ్చమ్మ పొయ్యి దగ్గర గంటసేపు నిలబడుతుంది. గంటసేపూ ఆ కండ లాగుతూనే ఉంటే కాలు పీక్కుపోదా?

"పట్టి సూడు" అంది రోసమ్మ.

బ్రహ్మచారి పోయి భార్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చీర మీద నుంచే ఆమె మోకాలి చిప్ప పట్టుకున్నాడు.

"ఏందయ్యా గిది! అందరి ముంగట!"

"కదలకే. కాలు బిగియ్యకు, ఊకె నిలబడు."

"సూసిన్రా," అంది బుచ్చమ్మ వాకిలంతటికీ వినపడేలా, "పెండ్లయిన ముప్పై ఏండ్లకు నా కాళ్లు పట్టుకున్నడు!"

వాకిలంతా గొల్లుమంది. బ్రహ్మచారికి అదేమీ వినపడలేదు. చిప్ప అటూ ఇటూ కదులుతోంది! కండ బిగిసి ఉంటే చిప్ప కదలదు. అంటే కండ నిద్రపోతోంది. మనిషి నిలబడే ఉంది, కండ పని చేయడం లేదు. మరి నిలబెడుతున్నది ఎవరు?

ఆయన ఉరికి పోయి, దారానికి కట్టిన సీసపు గుండు తెచ్చాడు. గోడ నిటారుగా ఉందా లేదా అని చూసే గుండు. బుచ్చమ్మను పక్కకు తిప్పి, తుంటి దగ్గర తొడ ఎముక బొడిపె వెతికి, దారం కొస అక్కడ పెట్టి గుండు వదిలాడు.

"మోకాలికి బోడిగుండుకు ముడిపెట్టుడు అంటరు, గిదేనా?" అంది బుచ్చమ్మ.

గుండు ఊగి ఊగి ఆగింది. దారం మోకాలి నడిమి నుంచి పోవడం లేదు. కీలుకు ముందు నుంచి పోతోంది. కొంచెమే, అరవేలు మందం. ఆయన రోసమ్మకు పెట్టి చూశాడు, మహమూదాకు బుచ్చమ్మ చేత పెట్టించాడు, హనీఫ్ కుడికాలికి పెట్టాడు. అందరికీ అంతే.

"బరువు కీలుకు ముంగట పడుతున్నది," అన్నాడు. "ముంగట పడితె మోకాలు వెనకకు పోదామని సూస్తది."

"పోనియ్యవు. వెనక గట్టి నారలున్నయి, పట్టి పెడుతయి" అంది రోసమ్మ.

"అంటె బరువు పడ్డకొద్ది తాళం పడుతది! ఎంత బరువు పడితె అంత గట్టిగ! నేనేం జేసిన? నడిమిట్ల పెట్టిన. జెరంత వెనకకు వాలంగనే బరువు కీలుకు వెనక పడ్డది, ముడుసుకున్నది. నేను సక్కగ పెట్టిన గనకనే పొల్లగాడు పడ్డడు!"

ఆనందంతో, సిగ్గుతో ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లు నమ్ముకున్న నడిమి గీత మనిషి కాలి దగ్గర పనికిరాలేదు. పైగా తన ఒంట్లో రెండు మోకాళ్లున్నాయి, రోజూ వాటి మీదే నడిచాడు, ఒక్కనాడూ అడిగి తెలుసుకోలేదు.

కొత్త కాలు గుమ్మడిటేకుతో మొదలుపెట్టాడు. అది తేలిక, గట్టిది. ఈసారి కూడా అలవాటు కొద్దీ నడిమి గీత కొట్టాడు. కొట్టి, ఆ గీతకు అరవేలు వెనక్కి కడ్డీ దించాడు. దించేటప్పుడు మాత్రం తండ్రిని తలచుకొని ఒక దండం పెట్టుకున్నాడు. వెనక్కి విరగకుండా తోలు పట్టీ వేశాడు. తొడ ముందరి కండకు బదులుగా సైకిల్ ట్యూబు ముక్క బిగించాడు. అడుగు ఎత్తినప్పుడు అది పిక్కను ముందుకు గుంజి తెస్తుంది. "కండ లాగుతది, నెట్టదు" అని పని చేస్తున్నంతసేపూ పాటలా పాడుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం రేడియోలో చెప్పారట, నిజాం ఫౌజు యుద్ధం ఆపేసిందని. మర్నాడు ఢిల్లీ ఫౌజు సికింద్రాబాద్‌కు వచ్చింది. వీధుల్లో జనం, జేజేలు, పూలదండలు. బుచ్చమ్మ అడ్డుకోడు తీసేసింది. హనీఫ్ ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. వీధిలో సంబరం పెరిగినకొద్దీ ఆ తలుపు వెనక చప్పుడు తగ్గింది. ఎవరు ఎవరిని ఏమంటారో తెలియని రోజులు. ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని ఎక్కడెక్కడి సంగతులో చెవిన పడుతున్నాయి.

మహమూదా తలుపు సందులోంచి అడిగింది. "కాకా, మేము ఉండాల్నా? యాడికన్న పోవాల్నా?"

"యాడికి పోతరు బిడ్డా? వాడు వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం నౌక్రికి పోవాలె" అన్నాడు బ్రహ్మచారి.

అని ఊరుకోలేదు. తన పని పీటను, పనిముట్ల పెట్టెను ఎత్తుకొచ్చి సరిగ్గా హనీఫ్ గడప ముందు వేసుకున్నాడు. నాలుగు రోజులు పొద్దు పొడిచింది మొదలు దీపాల వేళ వరకు అక్కడే చెక్కాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. వాకిట్లోకి ఎవరు తొంగిచూసినా చేతిలో చెక్క చెక్కే బాడిశతో "ఏం గావాలె?" అన్నాడు. బాడిశ పట్టుకున్న వడ్లాయనకు ఏం కావాలో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

గురువారం నాటికి కాలు సిద్ధమైంది. హనీఫ్ తొడుక్కున్నాడు. నిలబడ్డాడు. నిలిచింది! నడిచాడు. నిలవాల్సిన చోట నిలిచింది, వంగాల్సిన చోట వంగింది! రోసమ్మ చప్పట్లు కొట్టింది. మహమూదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బ్రహ్మచారి గెంతినంత పని చేశాడు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వాన పడి తడిగా ఉన్న వాకిట్లో హనీఫ్ అడుగులు చూశాడాయన. కుడి పాదం అచ్చు లోతుగా దిగింది. ఎడమది మట్టిని అంటీ అంటనట్టుంది. హనీఫ్ ఆ కాలి మీద బరువు వేయడం లేదు. అట్లా తాకించి ఇట్లా తీసేస్తున్నాడు. బరువు పడందే ఆ మోకాలికి తాళం పడదు.

"బరువెయ్యి బిడ్డా" అన్నాడు.

"ఏస్తున్న కాకా" అన్నాడు హనీఫ్. మర్యాదగానే అన్నాడు. మళ్లీ అంతే వేశాడు.

"వాని మనసు గట్టిదే అన్నా. ఒళ్లు భయపడ్డది. ఒకపారి పడ్డ ఒళ్లు గద" అంది రోసమ్మ పక్కకు పిలిచి. బ్రహ్మచారి తల ఊపాడు. నన్ను నమ్ము అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? మిగిలిన మూడు రోజులూ హనీఫ్ వాకిలి చుట్టూ నడిచాడు, ఆయన అచ్చుల్ని చూశాడు. ఎడమది లోతెక్కలేదు.

సోమవారం వచ్చింది. బ్రహ్మచారి తెల్లటి తలపాగా చుట్టుకుని వెంట పోయాడు. కేబిన్‌కు పద్నాలుగు మెట్లు. హనీఫ్ కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకు కుడికాలు ముందు వేసి కర్రకాలును పైకి చేర్చుకుంటూ ఎక్కాడు. పద్నాలుగో మెట్టు దగ్గర బ్రహ్మచారి ఊపిరి వదిలాడు. రైల్వే డాక్టరు కళ్లజోడు సవరించుకుని, "నువ్వెవరు? తలుపు దగ్గరనే నిలబడు. మాట్లాడొద్దు" అని ఆయన్ను ఆపేశాడు.

వాడకంలో లేని లివర్ ఒకటి చూపించి, "లాగు" అన్నాడు డాక్టరు.

ఆ లివర్ హనీఫ్ భుజమంత ఎత్తుంది. దాన్ని చేతులతో లాగడం ఎవరి తరమూ కాదు. కాళ్లు నేలను తన్నాలి, పిర్రలు బిగియాలి, నడుము వెనక్కి వాలాలి. చేతులు అందుకునే కొక్కేలు మాత్రమే. హనీఫ్ రెండు చేతులా పట్టుకుని లాగాడు. లివర్ బెత్తెడు కదిలి ఆగింది. బరువంతా కుడికాలి మీదే ఉంది. అయిదు నెలలుగా ఒంటరిగా మోసిన ఆ కాలు గడగడా వణికింది. లివర్ జారి వెనక్కి పోయింది.

మళ్లీ లాగాడు. మళ్లీ జారింది. మెడ మీద చెమట కారుతోంది. డాక్టరు జేబులోంచి కలం తీశాడు, నిట్టూర్చి కాగితం మీదికి వంగాడు.

"దాని మీద పడు బిడ్డా!"

కేబిన్ దద్దరిల్లింది. అరిచింది తానేనని బ్రహ్మచారికి ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

"నిన్ను మాట్లాడొద్దన్నానా" అన్నాడు డాక్టరు.

"దండం పెడ్త సారూ, ఒక్కటే మాట!" చేతులు జోడించాడు, మొహం మాత్రం హనీఫ్ వైపే ఉంది. "హనీఫ్! నన్ను నమ్మమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్న. నమ్ము బిడ్డా! కర్రకాలు ముంగట నాటు, పిర్ర బిగవట్టి తొడను వెనకకు నొక్కు. నీ బరువంత దానికియ్యి. సగం ఇస్తె అది నిన్ను పడేస్తది. అంత ఇస్తె మోస్తది!"

హనీఫ్ తల తిప్పి ఆయన్ను చూశాడు. ఆ చూపులో అయిదు నెలలుగా అనని మాటలన్నీ ఉన్నాయి. బ్రహ్మచారి తల దించుకోలేదు, అన్నీ తీసుకున్నాడు.

హనీఫ్ కర్రకాలును ముందుకు వేసి నాటాడు. పిర్ర బిగించాడు. కళ్లు మూసుకుని, మొత్తం మనిషి దాని మీద పడ్డాడు.

టక్కుమంది మోకాలు. తాళం పడింది.

లివర్ కదిలింది, వాలింది, వాలి వాలి చివరిదాకా వచ్చి కొక్కెంలో ధడేలున కూర్చుంది. కిందెక్కడో తీగ జరజరా సాగిన చప్పుడైంది. హనీఫ్ కళ్లు తెరిచి తన కాలును చూసుకున్నాడు.

"ఊఁ" అన్నాడు డాక్టరు. కలం మూయలేదు. "ఒకసారి వచ్చింది. ఇంకోసారి లాగు చూద్దాం."

హనీఫ్ లివర్‌ను వెనక్కి వదిలాడు. అరచేతులు పైజామాకు తుడుచుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు, కర్రకాలు వంక చూడలేదు. లాగాడు. లివర్ ఒక్క ఊపున వచ్చి కూర్చుంది. చేతులు ఇంకా దాని మీదే ఉన్నాయి. అప్పుడు హనీఫ్ తలుపు దగ్గర నిలబడ్డ బ్రహ్మచారి వైపు తిరిగి, పళ్లన్నీ కనపడేలా నవ్వి, తన సొంత కాలును నేల మీది నుంచి పైకెత్తాడు.